బీఈడీ విద్యార్థికి విదేశీ ఎక్స్ఛేంజ్: నాలుగు దారులు, ఏది ఎవరికి

టీచరు కావాలనుకునేవారికి విదేశంలో ఒక సెమిస్టరో ఏడాదో గడిపే దారులు నాలుగున్నాయి. చిక్కేమిటంటే అన్నిటినీ మనం స్కాలర్‌షిప్ అనే ఒక్క మాటతోనే పిలుస్తాం. నిజానికి ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. ఒకటి మీ యూనివర్సిటీ పంపితే తప్ప దొరకదు. ఒకటి ముప్పై నిండకముందే ముగిసిపోతుంది. ఇంకొకటి ఐదేళ్లు బడిలో పాఠం చెప్పాక గానీ తలుపు తీయదు. ఈ తేడాలు తెలియక తనకు అర్హతే లేనిదానికి కాగితాలు సిద్ధం చేసుకుంటూ ఏడాది పోగొట్టుకోవడం చాలా తేలిక.

ఇంజనీరింగ్ విద్యార్థికి పనికొచ్చే సలహా ఇక్కడ పనికిరాదు. అతనికి డిగ్రీ మీద పేరు, తర్వాత ఉద్యోగం ముఖ్యం. టీచరు కాబోయేవారు పిల్లల ముందు నిలబడాలి. మరో దేశపు తరగతి గదిలో ఆ పని ఎలా జరుగుతుందో దగ్గరగా చూడకుండా లెక్చర్ హాళ్లు, లైబ్రరీలు చూసి తిరిగొస్తే ప్రయాణం సగమే అయినట్టు. అందుకని ఏ దేశమన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి.

ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, బడి. వారానికి ఎన్ని పీరియడ్లు నిజమైన తరగతి గదిలో ఉంటారు? వెనక బెంచీలో కూర్చుని చూడటమేనా, పాఠం చెప్పనిస్తారా? చెప్పనిస్తే ఏ భాషలో? చాలా కార్యక్రమాల కరపత్రాల్లో బడి ఫొటోలు ఉంటాయి గానీ కోర్సు వివరాల్లో బడి ఉండదు.

రెండోది, తిరిగొచ్చాక ఆ కాలం లెక్కకొస్తుందా అన్నది. డీఎస్సీకీ టెట్‌కీ ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) గుర్తించిన బీఈడీ ఉండాలి. కాబట్టి విదేశంలో చదివే ఏ కోర్సునైనా బీఈడీకి తోడుగా చూడండి, దాని బదులుగా చూడొద్దు. చదువు మధ్యలో వెళ్తే ఇంకో మెలిక ఉంది. ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఈడీలో కోర్సు పనికి 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు తప్పనిసరి. మొత్తం ఇంటర్న్‌షిప్ 20 వారాలు, అందులో పెద్ద భాగం రెండో ఏడాదిలో. ఆ వారాలు మిస్సయితే అక్కడి బడిలో చేసిన పనిని చూపించి సరిపెట్టుకోవడం కుదరదు. రెండేళ్ల కోర్సును గరిష్ఠంగా మూడేళ్లలో ముగించాలన్న గడువు కూడా ఉంది. ఇంటర్న్‌షిప్ ఉన్న సెమిస్టర్‌ను మాత్రం ముట్టుకోకండి.

మూడోది డబ్బు. ఎంత వస్తుందన్నది ఎలాగూ అందరూ చూస్తారు. ఎప్పుడు వస్తుందన్నది కూడా చూడండి. నాలుగోది, మిమ్మల్ని ఎవరు ఎంపిక చేస్తారు: మీ కాలేజీనా, రాయబార కార్యాలయమా, నేరుగా అక్కడి యూనివర్సిటీనా? దీన్ని బట్టే ఎవరి తలుపు ముందు తట్టాలో తెలుస్తుంది.

| దారి | ఏ దశలో | ఎంతకాలం | డబ్బు | తరగతి గది | చేతికొచ్చేది |
|---|---|---|---|---|---|
| ఎరాస్మస్ ప్లస్ సెమిస్టర్ (యూరప్) | చదువుతుండగా | 2 నుంచి 12 నెలలు | నెలకు 800–900 యూరోలు, అక్కడ ట్యూషన్ ఫీజు లేదు | ముందే అడిగి కుదుర్చుకోవాలి | క్రెడిట్లు |
| ఫుల్‌బ్రైట్ ఎఫ్‌ఎల్‌టీఏ (అమెరికా) | డిగ్రీ తర్వాత, సాధారణంగా 21–29 ఏళ్లు | 9 నెలలు | స్టైపెండ్, విమానం, ఆరోగ్య బీమా | కాలేజీ విద్యార్థులకు భాషా బోధన, వారానికి 20 గంటల వరకు | బోధన అనుభవం, డిగ్రీ కాదు |
| ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్ | డిగ్రీ తర్వాత | 1 నుంచి 2 ఏళ్లు | నెలకు 1,400 యూరోలు, ఫీజు లేదు | తక్కువ, పరిశోధన ఎక్కువ | మాస్టర్స్ డిగ్రీ |
| జపాన్ మెక్స్ట్ టీచర్ ట్రైనింగ్ | 5 ఏళ్ల బోధన తర్వాత, 35 ఏళ్ల లోపు | 18 నెలలు | నెలకు 1,43,000 యెన్‌లు, ఫీజు, విమానం | యూనివర్సిటీని బట్టి బడుల పరిశీలన | కోర్సు పూర్తి పత్రం, డిగ్రీ కాదు |

రెండు మూడు వారాల వేసవి పర్యటనలు ఈ పట్టికలో లేవు. సొంత డబ్బుతో వెళ్లే ఆ ప్రయాణాల్లో పత్రం వస్తుంది, పరిచయాలు అవుతాయి. అక్కడి టీచరు తన తరగతిని నెలల తరబడి ఎలా నడిపిస్తుందో మాత్రం తెలియదు. ఉన్న డబ్బును ఐఈఎల్‌టీఎస్‌కీ పాస్‌పోర్టుకీ దాచుకుని పై నాలుగింటిలో ఒకదానికి ప్రయత్నించడం మేలు.

ఎరాస్మస్ ప్లస్ సెమిస్టర్: చదువుతున్నవారికి

యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచే ఈ విద్యార్థి మారకానికి (ఎక్స్ఛేంజ్‌కి) వ్యక్తిగా దరఖాస్తు చేయలేరు. మీ యూనివర్సిటీకీ అక్కడి యూనివర్సిటీకీ ఒప్పందం ఉండాలి, అది మీ విభాగానికి వర్తించాలి. సంతకం చేసింది కంప్యూటర్ సైన్స్ విభాగమైతే ఎడ్యుకేషన్ విద్యార్థికి దానివల్ల ఒరిగేదేమీ ఉండదు. అనుబంధ బీఈడీ కాలేజీల్లో చదివేవారికి ఇక్కడే నిరాశ ఎదురవుతుంది, ఎందుకంటే యూనివర్సిటీ పేరుతో జరిగిన ఒప్పందాలు తరచుగా క్యాంపస్ విద్యార్థుల వరకే ఉంటాయి. మొదటి అడుగుగా అంతర్జాతీయ వ్యవహారాల కార్యాలయానికి వెళ్లి ఎడ్యుకేషన్ విభాగం పేరు ఉన్న ఒప్పందపు కాపీ చూపించమని అడగండి. కాపీ లేదంటే ఈ దారి ఇప్పటికి మూసుకుపోయినట్టే. వేరేది చూసుకోండి.

ఒప్పందం ఉంటే మాత్రం చదువుతుండగా దొరికే అవకాశాల్లో దీనికి సాటి లేదు. ఇక్కడి ఫీజు ఇక్కడే కడతారు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు, నెల నెలా భత్యం వస్తుంది. వెళ్లేముందు మూడు సంతకాలతో లెర్నింగ్ అగ్రిమెంట్ కుదుర్చుకుంటారు: మీరు, మీ యూనివర్సిటీ, అక్కడి యూనివర్సిటీ. ఏ కోర్సులు చదువుతారు, అవి ఇక్కడి ఏ పేపర్లకు బదులుగా లెక్కకొస్తాయన్నది అందులోనే రాసి ఉండాలి. తిరిగొచ్చాక అడుగుదాంలే అని వదిలేస్తే ఎగ్జామినేషన్ బ్రాంచిలో నెలల తరబడి తిరగాల్సి వస్తుంది.

క్రెడిట్ల మార్పిడి దగ్గర లెక్క తెలిసి ఉండాలి. యూరప్‌లో ఒక సెమిస్టర్ అంటే అక్కడి ఉమ్మడి క్రెడిట్ పద్ధతి ఈసీటీఎస్‌లో 30 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల చదువు, అంటే సెమిస్టర్‌కి 750 నుంచి 900 గంటలు. మన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఒక క్రెడిట్ 30 గంటలు, సెమిస్టర్‌కి 20 క్రెడిట్లు, అంటే 600 గంటలు. ఈ లెక్కన అక్కడి 24 ఈసీటీఎస్ క్రెడిట్లు ఇక్కడి సెమిస్టర్‌కి చాలు. రెండు ఈసీటీఎస్‌కి ఒక్క క్రెడిటే ఇస్తామంటే గంటల లెక్క కాగితం మీద పెట్టి వినయంగా వాదించండి. మీ వాదనలో బలం ఉంది.

ఇక బడి సంగతి. ఉదాహరణకి ఫిన్లాండ్‌లో టీచరు చదువు ఐదేళ్ల మాస్టర్స్, యూనివర్సిటీలకు సొంత శిక్షణ పాఠశాలలు ఉంటాయి. ఆ బడులే చాలామందిని అక్కడికి లాగుతాయి. కానీ అక్కడ పాఠాలు జరిగేది ఫిన్నిష్‌లోనో స్వీడిష్‌లోనో. మారకం విద్యార్థికి సులభంగా దొరికేది పరిశీలన, ఇంగ్లిష్ పీరియడ్‌లో సహాయం. పూర్తి పాఠం చెప్పే అవకాశం కావాలంటే ఇంగ్లిష్ మాధ్యమపు తరగతులున్న బడి ఏదో ముందే అడిగి, అక్కడి సమన్వయకర్తతో మాట్లాడుకోవాలి. గణితం, ఇంగ్లిష్ మెథడాలజీ వారికి ఇది కొంత తేలిక. సోషల్, తెలుగు మెథడాలజీ వారు పరిశీలనకే సిద్ధపడి వెళ్లడం మంచిది. పరిశీలన తక్కువదేమీ కాదు. రోజూ ఒకే తరగతిని, ఒకే టీచరును ఎనిమిది వారాలు చూసి డైరీ రాసినవారు, పది బడులు తిరిగినవారికన్నా ఎక్కువ నేర్చుకుంటారు.

ఫుల్‌బ్రైట్ ఎఫ్‌ఎల్‌టీఏ: బోధించాలన్న తపన ఉన్నవారికి

అమెరికన్ కాలేజీల్లో తమ మాతృభాషను బోధించే యువ టీచర్లకు ఉద్దేశించిన కార్యక్రమం ఇది. ఇంగ్లిష్ టీచర్లు, ఇంగ్లిష్ టీచరు కావడానికి శిక్షణ పొందుతున్నవారు, దగ్గరి రంగాలవారు అర్హులు. మన దేశంలో దీన్ని యునైటెడ్ స్టేట్స్–ఇండియా ఎడ్యుకేషనల్ ఫౌండేషన్ నడుపుతుంది, హైదరాబాద్‌లోనూ దాని కార్యాలయం ఉంది. ఏ ఏ భాషలకు టీచర్లు కావాలో ఆ ఏడాది ప్రకటనలో ఇస్తారు. అన్నిటికన్నా ముందు అదే చదవండి. తెలుగు లేకపోయినా ఇంట్లో ఉర్దూ మాట్లాడే హైదరాబాదీకి, హిందీ గట్టిగా వచ్చినవారికి దారి ఉండొచ్చు. అమెరికా ప్రభుత్వ కార్యక్రమాలు నిధుల నిర్ణయాలను బట్టి మారుతుంటాయి. కిందటేడు వెళ్లినవారు చెప్పిన వివరాలనే నమ్ముకోకండి.

పట్టికలోని నాలుగింటిలో మిమ్మల్ని నేరుగా టీచరుగా నిలబెట్టేది ఇదొక్కటే. మీ తరగతిలో కూర్చునేవారు కాలేజీ విద్యార్థులు. కొందరు తెలుగు తల్లిదండ్రులకు అక్కడ పుట్టినవారు కావచ్చు, వింటే అర్థమవుతుంది గానీ అక్షరం రాదు. కొందరికి అ, ఆలు కూడా కొత్త. ఈ ఇద్దరికీ ఒకే గదిలో పాఠం చెప్పడం ఏ బీఈడీ కాలేజీ నేర్పని విద్య. వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు బోధించిన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల ఈ సమస్య మీద ఎంతో ఆలోచన జరిగింది. 'చేశాను, చేశాడు' అంటూ పలికించి వదిలేయకుండా, క్రియ చివర కర్తను బట్టి ఎందుకు మారుతుందో బయటివారికి విడమరిచి చెప్పాల్సి వచ్చినప్పుడు మన భాష మనకే కొత్తగా కనిపిస్తుంది. తెలుగు మెథడాలజీ వారికి ఇంతకన్నా మంచి శిక్షణ ఊహించలేం.

బోధనతోపాటు ప్రతి సెమిస్టర్‌లో కనీసం రెండు కోర్సులు చదవాలి, వాటిలో ఒకటి అమెరికాకు సంబంధించినదై ఉండాలి. డిగ్రీ రాదు. దరఖాస్తులో చాలామంది దేశసేవ, చిన్ననాటి కల గురించి పేజీలు నింపుతారు. ఎంపిక చేసేవారు వెతికేది మాత్రం మొదటి వారం ఏం చెప్తారు, లిపి రానివారికి గుణింతాలు ఎలా పరిచయం చేస్తారు అన్న నిర్దిష్టమైన ఆలోచన. ఒక పాఠ్య ప్రణాళిక రాసిపెట్టుకుని వెళ్లండి.

ఒక షరతు మాత్రం ఇంట్లో అందరికీ ముందే చెప్పాలి. ప్రభుత్వ నిధులతో జె-1 (ఎక్స్ఛేంజ్) వీసా మీద వెళ్లినవారు తిరిగొచ్చి రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. అది తీరేదాకా ఉద్యోగానికిచ్చే హెచ్, ఎల్ రకం వీసాలు గానీ గ్రీన్‌కార్డు గానీ రావు. ఈలోగా అమెరికా సంబంధం కుదిరితే పెళ్లి తర్వాత అక్కడ స్థిరపడటానికి ఈ నియమం అడ్డొస్తుంది. డీఎస్సీ రాసి ఇక్కడే టీచరుగా ఉండాలనుకునేవారికి దీనితో ఏ ఇబ్బందీ లేదు.

ఎరాస్మస్ ముండస్: డిగ్రీ కూడా కావాలనుకునేవారికి

కనీసం రెండు దేశాల్లో చదివే ఉమ్మడి మాస్టర్స్ ఇది. ఎవరి ఒప్పందమూ అక్కర్లేదు, నేరుగా ఆ కోర్సు నడిపే యూనివర్సిటీల బృందానికే దరఖాస్తు చేస్తారు. గడువులు ఎక్కువగా అక్టోబరు, జనవరి మధ్య ఉంటాయి. నెలకు 1,400 యూరోల్లోనే ప్రయాణం, వీసా ఖర్చులూ సర్దుకోవాలి. దేశం మారినప్పుడల్లా కొత్త ఇల్లు, కొత్త అడ్వాన్సు, కొత్త నివాస అనుమతి కాగితాలు. ఈ ఖర్చును తక్కువ అంచనా వేస్తారు.

విద్యావిధానం, వయోజన విద్య, పాఠ్యప్రణాళిక రూపకల్పన, ఎన్‌జీఓల్లో పని వైపు వెళ్లేవారికి ఇది బాగుంటుంది. హైస్కూల్ టీచరుగా స్థిరపడాలనుకునేవారికి దీనివల్ల కలిగే మేలు తక్కువ. బీఈడీ కాలేజీలో అధ్యాపక ఉద్యోగం మీ లక్ష్యమైతే, ఆ డిగ్రీ ఇక్కడ దేనికి సమానమవుతుందో దరఖాస్తుకు ముందే తేల్చుకోండి. విదేశీ డిగ్రీల సమానత్వానికి యూజీసీ 2025 ఏప్రిల్‌లో కొత్త నిబంధనలు తెచ్చింది, చట్టబద్ధ మండళ్ల పరిధిలోని చదువులకు ఆ మండళ్ల నియమాలే వర్తిస్తాయి.

సీటు వచ్చి స్కాలర్‌షిప్ రాకపోతే? తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద 20 లక్షల రూపాయల వరకు సాయం ఉంది. ఇవి పూర్తి డిగ్రీలకే, సెమిస్టర్ మారకాలకు కాదు. దేశాల, సబ్జెక్టుల జాబితాలో మీ కోర్సు ఉందో లేదో సంక్షేమ శాఖ కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

మెక్స్ట్: బడిలో ఉన్నవారికి

జపాన్ ప్రభుత్వపు ఈ కార్యక్రమం బీఈడీ విద్యార్థికి ఇప్పుడు పనికిరాదు. అయినా ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది: 23 ఏళ్లకు ఉద్యోగంలో చేరితే 28కి అర్హత వస్తుంది, 35 నిండేలోపు ఆరేడుసార్లు ప్రయత్నించొచ్చు. 31లో డీఎస్సీ వచ్చి, అంతకుముందు బోధించిన కాలానికి ధ్రువపత్రం లేకపోతే ఒక్కసారి కూడా వీలుపడదు. కాబట్టి ప్రైవేటు బడిలో చేసినా నియామక పత్రం, అనుభవ పత్రం, జీతం బ్యాంకులో పడ్డ ఆధారం మొదటి రోజు నుంచే దాచుకోండి. చదువు అక్టోబరులో మొదలవుతుంది, మొదటి నెలలు జపనీస్ భాషకే పోతాయి. ప్రభుత్వ టీచర్లకు ఏడాదిన్నర సెలవు, నిరభ్యంతర పత్రం కావాలి. కాగితాల్లో అన్నిటికన్నా ఆలస్యమయ్యేవి ఇవే.

మారకం కాకపోయినా గణితం, సైన్సు వారు తెలుసుకోవాల్సిన విషయం ఇంకొకటి. 2023 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండ్ తన టీచరు అర్హత క్యూటీఎస్‌కి భారత్‌లో శిక్షణ పొందినవారి దరఖాస్తులను నేరుగా తీసుకుంటోంది. 11–16 ఏళ్ల పిల్లలకు గణితం, సైన్సు, భాషలు బోధించే అర్హత, శిక్షణ తర్వాత కనీసం ఒక విద్యా సంవత్సరం అనుభవం ఉండాలి. దరఖాస్తు రుసుము లేదు. అర్హత వచ్చినంత మాత్రాన వీసా వచ్చినట్టు కాదు, ఉద్యోగం వేరే వెతుక్కోవాలి. దీని పేరు చెప్పి లక్షలు అడిగే ఏజెంట్లకు పైసా కూడా ఇవ్వకండి.

బడి గడప దాటడానికి కావాల్సిన కాగితాలు

యూనివర్సిటీలో సీటు వచ్చినా బడిలోకి అనుమతి వేరు. పిల్లలున్న చోటు కాబట్టి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతారు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ద్వారా ఇక్కడి నుంచే తీసుకెళ్లాలి.

జర్మనీలో ఇంకో అడ్డంకి ఉంది. 2020 మార్చి 1 నుంచి బడుల్లో పనిచేసేవారు, 1970 తర్వాత పుట్టినవారైతే, తట్టు నుంచి రక్షణ ఉందని రుజువు చూపాలి. రెండు డోసుల రికార్డు గానీ రక్తపరీక్ష ఫలితం గానీ కావాలి. తెలుగు రాష్ట్రాల్లో 2017లో బడి పిల్లలకు ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా వేశారు. అది వేయించుకున్నవారిలో చాలామంది దగ్గర ఇప్పుడు కాగితం లేదు. ప్రయాణానికి మూడు నెలల ముందే రక్తపరీక్ష చేయించుకోండి. అవసరమై రెండు డోసులు వేయించుకోవాలంటే మధ్యలో నాలుగు వారాల ఎడం ఉండాలి.

పేరు దగ్గర తెలుగువారికి వచ్చే చిక్కు అందరికీ తెలిసిందే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, బీఈడీ మెమోలో ఇంకోలా. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలో పడి, రెండో గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద అసలు పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని వస్తుంది. అక్కడ బ్యాంకు ఖాతా, జీతం, ఐడీ కార్డు అన్నీ దాంతోనే మొదలవుతాయి. దరఖాస్తుకు ముందే పాస్‌పోర్టు సరిచేయించుకుంటే నెల రోజుల పని, తర్వాతైతే ఏడాది తలనొప్పి.

డబ్బు గురించి ఒక మాట. యూరప్‌లో భత్యం పడాలంటే స్థానిక ఖాతా అడగొచ్చు, ఖాతాకి చిరునామా నమోదు కావాలి, నమోదుకి అద్దె ఒప్పందం కావాలి, అద్దెకి అడ్వాన్సు కావాలి. ఈ గొలుసు తెగేదాకా మీ డబ్బే ఖర్చవుతుంది. రెండు నెలల ఖర్చు, ఒక నెల అద్దెకు సమానమైన అడ్వాన్సు చేతిలో ఉంచుకుని విమానం ఎక్కండి. ఫిన్లాండ్ అయితే నివాస అనుమతికి నెలకు 800 యూరోల లెక్కన నిధులు చూపాలి. ఎరాస్మస్ భత్యం మంజూరు పత్రం అందుకు పనికొస్తుంది.

మీ పరిస్థితిని బట్టి

క్యాంపస్‌లో ఎంఈడీ, ఎంఏ, నాలుగేళ్ల ఐటెప్ (డిగ్రీ, బీఈడీ కలిపిన కోర్సు) చదువుతున్నవారికి ఎరాస్మస్ సెమిస్టర్ మొదటి ఎంపిక. ఐటెప్ వారికి నాలుగేళ్ల వ్యవధి ఉంది కాబట్టి ఇంటర్న్‌షిప్ లేని సెమిస్టర్ దొరకడం తేలిక. అనుబంధ కాలేజీలో రెండేళ్ల బీఈడీ చేస్తున్నవారు కోర్సు పూర్తి చేసి, టెట్ రాసి, ఆ వెంటనే ఎఫ్‌ఎల్‌టీఏకి ప్రయత్నించడం మంచిది. డీఎస్సీ ప్రకటన ఎప్పుడొస్తుందో చెప్పలేం, తొమ్మిది నెలలు దూరంగా ఉన్నప్పుడే రావచ్చు. ఇంటి పరిస్థితి ఉద్యోగం కోసం ఎదురుచూస్తుంటే ముందు డీఎస్సీ రాయండి, మెక్స్ట్ మీ కోసం ఉంటుంది. పరిశోధన వైపు మనసుంటే, తరగతి గది కాస్త తగ్గినా ఫర్వాలేదనుకుంటే ఎరాస్మస్ ముండస్ సరిపోతుంది.

ఏది ఎంచుకున్నా, ఒప్పుకునే ముందు అక్కడి సమన్వయకర్తకు ఈ ప్రశ్నలతో ఒక ఈమెయిల్ పంపండి. వారానికి ఎన్ని గంటలు తరగతి గదిలో ఉంటాను? ఏ వయసు పిల్లలు, ఏ భాషలో? నాకు మార్గదర్శకుడిగా ఉండే టీచరు ఎవరన్నది ఏ వారంలో ఖరారవుతుంది? నేను చెప్పిన పాఠాన్ని ఎవరైనా చూసి రాతపూర్వకంగా అభిప్రాయం ఇస్తారా? బడి సెలవులు నా సెమిస్టర్‌లో ఎన్ని వారాలు? రెండు వారాల్లో స్పష్టమైన జవాబులు వస్తే ధైర్యంగా వెళ్లండి. "మీరు వచ్చాక చూద్దాం" అన్న జవాబు వస్తే, అక్కడ మీకు బడి దొరకదనే అనుకుని లెక్క వేసుకోండి.